‘దిస్ బుక్ రీడ్స్ వెల్’: కర్మణి వాక్యమా, వస్తువు గుణాన్ని చెప్పే వాక్యమా?

బడిపంతులు (చర్చ ప్రారంభం)

మా పాఠశాలలో పదో తరగతి పిల్లలు వాడే ఒక ఇంగ్లీషు వ్యాకరణ గైడులో ‘దిస్ బుక్ రీడ్స్ వెల్’, ‘కాటన్ వాషెస్ ఈజీలీ’, ‘దిస్ నైఫ్ కట్స్ వెల్’ అనే మూడు వాక్యాలను ‘రూపంలో కర్తరి (యాక్టివ్ వాయిస్), అర్థంలో కర్మణి (పాసివ్ వాయిస్)’ అన్న శీర్షిక కింద చేర్చి, వాటిని కర్మణి ప్రయోగంలోకి మార్చి రాయమని అభ్యాసం ఇచ్చారు. మొదటి రెండింటికి ‘ఈజ్ రెడ్’, ‘ఈజ్ వాష్డ్’ అని జవాబులున్నాయి. కత్తి వాక్యానికి మాత్రం జవాబు లేదు. పుస్తకం తనను తాను చదువుకోదు కాబట్టి ఇది కర్మణే అని పిల్లలకు చెప్పేస్తే పని సులువవుతుంది. కానీ మార్చిన వాక్యం అసలు వాక్యం చెప్పిన మాటే చెబుతున్నదా అన్నది నాకు తేలడం లేదు. ఈ వాక్యాలను కర్మణి అనవచ్చునా? అనకూడదంటే మరేమని చెప్పాలి?

పాతకాలపు విద్యార్థి

గైడు చెప్పింది సరైనదేనని నా అభిప్రాయం. చదివేది పాఠకుడు, చదవబడేది పుస్తకం. కర్మ వచ్చి కర్త స్థానంలో కూర్చున్నంత మాత్రాన దాని కర్మత్వం పోదు. డెన్మార్క్ వ్యాకరణవేత్త ఒట్టో యెస్పర్సన్ తన బృహద్ వ్యాకరణంలో, 1927లో వెలువడిన మూడవ సంపుటంలో, ఇటువంటి ప్రయోగానికి ‘యాక్టివో-పాసివ్’ అనే పేరే పెట్టాడు. అంతకన్నా బలమైన సాక్ష్యం మన దగ్గరే ఉంది. పాణిని ‘కర్మవత్ కర్మణా తుల్యక్రియః’ (3.1.87) అనే సూత్రంలో, కర్తగా మారిన కర్మకు కర్మకు జరిగే కార్యాలే జరుగుతాయని విధించాడు. అందువల్లనే ‘పచ్యతే ఓదనః స్వయమేవ’ అన్నప్పుడు, అన్నం తనంతట తానే ఉడుకుతున్నదని చెబుతున్నా, క్రియ మాత్రం ‘పచతి’ కాక ‘పచ్యతే’ అని కర్మణి రూపంలోనే ఉంటుంది. సంస్కృతం క్రియారూపంలోనే చూపించిన విషయాన్ని ఇంగ్లీషు ప్రత్యయాల కొరత వల్ల చూపించలేకపోతున్నది. అంతకు మించిన తేడా ఇందులో ఏమీ లేదు.

అనువాదకురాలు

విద్యార్థి గారి వాదం పూర్వపక్షంగా గట్టిదే, అయితే ఇంగ్లీషు వాక్యాలను వరుసగా పరీక్షిస్తే అది నిలవదు.

ఇవి ముసుగు వేసుకున్న కర్మణి వాక్యాలే అయితే, కర్మణిలోకి మారగల ప్రతి క్రియా ఈ వేషం వేయగలగాలి. ‘చార్మినార్ ఈజ్ సీన్ ఈజీలీ’ అనవచ్చు, ‘చార్మినార్ సీస్ ఈజీలీ’ అనరాదు. ‘ద ఆన్సర్ ఈజ్ నోన్’ వాక్యమే, ‘ద ఆన్సర్ నోస్ ఈజీలీ’ వాక్యం కాదు. అదే ‘చార్మినార్ ఫొటోగ్రాఫ్స్ వెల్’ అంటే ఇంగ్లీషువారు అభ్యంతరం చెప్పరు. చూసినా ఫొటో తీసినా కట్టడానికి జరిగే మార్పు ఏమీ లేదు కాబట్టి, క్రియ వల్ల వస్తువుకు మార్పు కలిగితేనే ఈ ప్రయోగం చెల్లుతుందని కొందరు చెప్పే నియమం కూడా ఇక్కడ సరిపోదు. ఫొటో బాగా రావడానికి ఆ కట్టడపు ఆకృతి, నాలుగు మినార్ల పొందిక కారణమవుతాయి. కంటికి కనబడటానికి దానిలో ప్రత్యేకమైన గుణమేదీ అక్కరలేదు, అడ్డు లేకపోతే చాలు. పని ఎలా జరుగుతుందన్నదానికి వస్తువు జవాబుదారీ అయినప్పుడే ఇంగ్లీషు ఆ వస్తువుకు కర్త స్థానాన్ని ఇస్తున్నది. భాషాశాస్త్రవేత్త ఆర్.ఎమ్.డబ్ల్యూ. డిక్సన్ 1991లో ప్రచురించిన ఇంగ్లీషు వ్యాకరణంలో దీనిని కర్త స్థానానికి లభించిన పదోన్నతిగా వివరించాడు. ఆ పదోన్నతికి అర్హత వస్తువు గుణమే.

గైడు జవాబివ్వకుండా వదిలేసిన కత్తి వాక్యం అసలు కీలకం. ‘దిస్ నైఫ్ ఈజ్ కట్ వెల్’ అని మారిస్తే కత్తినే ఎవరో కోసినట్లవుతుంది. కత్తి కోతకు కర్మ కాదు, కరణం, అంటే పనికి వాడే సాధనం. ‘దిస్ బ్రెడ్ కట్స్ ఈజీలీ’, ‘దిస్ నైఫ్ కట్స్ వెల్’ రెండూ ఒకే అచ్చులో పోసిన వాక్యాలు. మొదటిదాన్ని కర్మణి అంటే రెండవదానికి వేరే పేరు వెతకాలి, రెండింటినీ గుణకథనం అంటే ఒక్క పేరు చాలు. తెలుగులోనూ తాడు తెగుతుంది, కత్తీ తెగుతుంది. ‘ఈ కత్తి తెగడం లేదు, సాన పట్టించాలి’ అన్నప్పుడు అందులో కర్మణి ఉందని ఎవరికీ తోచదు.

ఇక మొదటి వాక్యాన్ని తెలుగు చేయవలసి వస్తే ‘ఈ పుస్తకం బాగా చదవబడుతుంది’ అని నేను ఎన్నడూ రాయను. అలా రాస్తే చాలామంది చదువుతున్నారనే అర్థం వస్తుంది, పుస్తకం ఎలాంటిదో తెలియదు. మన సమీక్షకులు ‘ఈ నవల ఆపకుండా చదివిస్తుంది’, ‘దీనికి చదివించే గుణం ఉంది’ అని రాస్తారు. పుస్తకాన్ని ప్రేరణార్థక క్రియకు కర్తగా నిలబెట్టి, పాఠకుడి చేత చదివించే శక్తిని దానికే అంటగట్టడం మన వాడుక. ఇంగ్లీషు ఒక్క ‘రీడ్స్’తో సరిపెట్టుకున్నచోట తెలుగు విడిగా ఒక ప్రత్యయం చేర్చి బాధ్యత ఎవరిదో చెబుతున్నది, రెండు భాషలూ చూస్తున్న దిక్కు మాత్రం ఒకటే.

పాతకాలపు విద్యార్థి

బాధ్యత అన్న మాట బాగున్నది కానీ, పని చేసే కర్త నిజంగానే మాయమయ్యాడా? ‘దిస్ బుక్ రీడ్స్ ఈజీలీ ఫర్ చిల్డ్రన్’ అన్నప్పుడు చదివేవారు వెనుక తలుపు గుండా మళ్లీ వచ్చారు కదా. పైగా ఇవి స్వభావకథనాలే అయితే ఎప్పటికీ వర్తించే వర్తమానంలోనే ఉండాలి. ‘ద బుక్ సోల్డ్ వెల్ లాస్ట్ ఇయర్’, ‘ద బుక్ ఈజ్ సెల్లింగ్ వెల్’ అని రోజూ వింటున్నాము. నిరుడు జరిగిన అమ్మకం, నేడు జరుగుతున్న అమ్మకం సంఘటనలే కానీ స్వభావం ఎలా అవుతాయి?

నేతబట్టల దుకాణం

నాకు వ్యాకరణం అంతగా తెలియదు, కానీ గుడ్డ గురించి చెప్పగలను. ‘ఈ చీర ఎన్ని ఉతుకులకైనా ఆగుతుంది’ అని మేము చెప్పే మాట హామీ లాంటిది. ఇంటికి వెళ్లాక రంగు దిగితే కొన్నవారు చీరను, దానిని అమ్మిన నన్ను తప్పుపడతారు తప్ప ఉతికిన మనిషిని తప్పుపట్టరు. ఇంగ్లీషులో ‘వాషెస్ వెల్’ అని చీటీ మీద రాసినా భావం అదే. దానిని ‘ఈజ్ వాష్డ్ వెల్’ అని మారిస్తే ఇదివరకే ఒకసారి ఉతికిన చీర అని అర్థమవుతుంది, అటువంటి చీటీ ఉన్న సరుకును ఎవరూ కొనరు.

అనువాదకురాలు

దుకాణం వారు చెప్పినదానికి నేను చేర్చవలసింది ఏమీ లేదు. విద్యార్థి గారి అభ్యంతరాలకు మాత్రం కొంత వివరంగా జవాబు చెప్పాలి.

‘ఫర్ చిల్డ్రన్’ అన్నది కర్తను తిరిగి తీసుకురాదు. పుస్తకపు సులువు ఎవరి విషయంలో వర్తిస్తుందో హద్దు గీస్తుంది. నిజమైన కర్మణిలో కర్తను తెచ్చే ‘బై’ ఇక్కడ పొసగదు. ‘రీడ్స్ ఈజీలీ బై చిల్డ్రన్’ అనేది ఇంగ్లీషు కాదు. కర్త చెప్పకపోయినా తెర వెనుక ఉన్నాడా లేడా అని తెలుసుకోవడానికి ఇంకొక దారి, అతని ఉద్దేశాన్ని చెప్పే మాటను చేర్చి చూడటం. ‘ద బుక్స్ వర్ సోల్డ్ టు రెయిజ్ మనీ’ అంటే నిధుల కోసం ఎవరో అమ్మారని తెలుస్తుంది. ‘ద బుక్స్ సోల్డ్ వెల్ టు రెయిజ్ మనీ’ అంటే వాక్యం కుంటుతుంది, ఎందుకంటే ఉద్దేశం పెట్టుకోగల మనిషి ఆ వాక్యంలో ఎక్కడా లేడు.

‘సెల్’ విషయంలో మీ ఆక్షేపణకు బలం ఉన్నది. ఈ క్రియ తన జాతి క్రియల కంటే ముందుకు పోయి, మన ‘అమ్ముడుపోవు’ లాగా, దాదాపు స్వతంత్రమైన అకర్మక క్రియగా స్థిరపడింది. అందుకే దానికి అన్ని కాలాలూ అమరుతాయి. ‘దిస్ బుక్ ఈజ్ రీడింగ్ ఈజీలీ’ అని మాత్రం మామూలుగా ఎవరూ అనరు. సరిహద్దు మీద నిలిచిన ఒక్క క్రియను చూసి లోపలి క్రియలన్నింటికీ తీర్పు చెప్పడం న్యాయం కాదు.

ఇక సంస్కృతం. పాణిని సూత్రాలను వివరించే సిద్ధాంతకౌముదిలో భట్టోజీ దీక్షితులు కర్మకర్తృ ప్రకరణాన్ని (కర్మ కర్తగా మారే తీరును చెప్పే భాగాన్ని) ఆరంభిస్తూ చెప్పిన మాటను మీరు వదిలేశారు. పని ఎంతో సులువుగా జరుగుతున్నదన్న సంగతిని తెలియజేయడానికి కర్త చేసే వ్యాపారాన్ని చెప్పదలచుకోనప్పుడు, ఇతర కారకాలు (కర్మ, కరణం వంటివి) కూడా తమ తమ వ్యాపారాల్లో స్వతంత్రమైనవి కనుక కర్త అనే పేరును పొందుతాయని ఆయన వివరణ. దానికి ఇచ్చిన మొదటి ఉదాహరణ ‘సాధ్వసిశ్ఛినత్తి’, అంటే ‘ఖడ్గం చక్కగా నరుకుతుంది’. గైడు జవాబు దాటవేసిన కత్తి వాక్యానికి సంస్కృతంలో తోబుట్టువు ఇదే! అక్కడ క్రియ ‘ఛిద్యతే’ అనే కర్మణి రూపం కాదు, ‘ఛినత్తి’ అనే శుద్ధమైన కర్తరి రూపం. మీరు చూపిన సూత్రం కర్మ నుంచి కర్తగా మారినదానికే పరిమితం, కరణానికి వర్తించదు. అక్కడ కూడా ‘కర్మవత్’ అన్నారు, అంటే కర్మ వంటిదని. కర్మే అని అనలేదు. రూపం పోలినంత మాత్రాన హోదా ఒకటి కాదని, ‘వంటిది’ అనే అర్థమిచ్చే ఆ ‘వత్’ ప్రత్యయమే చెబుతున్నది.

పాతకాలపు విద్యార్థి

దీక్షితుల వాక్యాన్ని మీరు చదివిన తీరు సరైనదే. కత్తి వాక్యాన్ని నా లెక్కలోంచి తీసేస్తాను. అయినా కరణం కర్త అయినప్పుడు ఒక రూపం, కర్మ కర్త అయినప్పుడు మరొక రూపం పెట్టి సంస్కృతం ఆ రెండింటినీ వేరు చేసింది కదా. ‘బ్రెడ్ కట్స్’, ‘నైఫ్ కట్స్’ ఒకే అచ్చు అంటున్న మీరు ఆ తేడాను చెరిపేస్తున్నారన్నది నా మిగిలిన ఆక్షేపణ. ఇంగ్లీషులో కూడా ‘దిస్ నైఫ్ కట్స్ బ్రెడ్ వెల్’ అని కత్తి పక్కన కర్మను చేర్చవచ్చు, రొట్టె వాక్యంలో మరో కర్మకు చోటు లేదు.

అనువాదకురాలు

నిర్మాణంలో ఆ తేడా ఉన్న మాట నిజమే, దానిని చెరపను. గుణాన్ని చెప్పే పనిలో మాత్రం రెండూ ఒకటే అన్నంత వరకే నా వాదన.

బడిపంతులు

నాకు కావలసిన దారి కొంత దొరికింది. ఒక అనుబంధ ప్రశ్న: ‘ద మిల్క్ స్మెల్స్ సోర్’, ‘ద హాల్ సీట్స్ ఫైవ్ హండ్రెడ్’ వంటి వాక్యాలను కూడా ఈ గుంపులోనే చేర్చవచ్చునా? మా పిల్లలు ‘స్మెల్స్’ తరువాత ‘సోర్లీ’ అని రాస్తుంటారు.

అనువాదకురాలు

గుణాన్ని చెప్పడంలో బంధువులే, నిర్మాణంలో వేరు. ‘రీడ్స్ వెల్’లో చదవడమనే పని ఎలా సాగుతుందో చెబుతున్నాము కాబట్టి క్రియావిశేషణం కావాలి. ‘స్మెల్స్ సోర్’లో పులుపు పాల గుణం, వాసన చూసే పని తీరు కాదు, కనుక క్రియావిశేషణం కాక విశేషణమే రావాలి. ‘టేస్ట్స్’, ‘ఫీల్స్’, ‘సౌండ్స్’, ‘లుక్స్’ కూడా ఈ కోవలోవే. హాలు వాక్యం కేవలం పరిమాణాన్ని చెబుతుంది. ‘ఈ హాలులో 500 మంది పడతారు’ అని మనం చెప్పేది అదే. ‘ద బాక్స్ వెయ్స్ ఫైవ్ కిలోస్’లోనూ అంతే, దానిని ‘ఫైవ్ కిలోస్ ఆర్ వెయిడ్ బై ద బాక్స్’ అని తిప్పడానికి వీలే లేదు.

మరొక విషయం పిల్లలకు చెప్పండి. ‘దిస్ బుక్ రీడ్స్’ అని ఆపేస్తే వాక్యం చాలదు, ఎందుకంటే ప్రతి పుస్తకమూ చదవదగినదే, అందులో కొత్త సంగతి లేదు. ‘దిస్ పోయెమ్ డజ్ నాట్ ట్రాన్స్‌లేట్’ అంటే క్రియావిశేషణం లేకపోయినా చాలు, అనువాదానికి లొంగదన్నది ఆ కవితను ఇతర కవితల నుంచి వేరు చేసే గుణం కాబట్టి.

బడిపంతులు

అయితే ఈ అభ్యాసాన్ని తరగతిలో ఇలా మార్చి ఇస్తాను: ‘ఈజ్ రెడ్’ అని మార్చమనడానికి బదులు, ప్రతి వాక్యం కిందా అది ఏ వస్తువు గుణాన్ని చెబుతున్నదో, ఆ గుణాన్ని తెలుగులో సహజంగా ఎలా అంటామో రాయమంటాను. పరీక్షలో మార్చమనే అడిగితే ‘ఈజ్ ఈజీ టు రీడ్’ అని రాయించవచ్చునని అనుకుంటున్నాను. అలా రాస్తే వ్యాకరణం తప్పదు, పుస్తకం గుణమూ చెదరదు. ‘ఈజ్ రెడ్’ అన్న జవాబుకే మార్కులు వేసే పరీక్షకులు ఎదురైతే ఏం చేయాలన్నది వచ్చే నెల మా సబ్జెక్టు ఉపాధ్యాయుల సమావేశంలో అడుగుతాను.