వజ్రాలకున్న ధ్రువపత్రం కెంపులకు, నీలాలకు ఎందుకు లేదు?

ప్రశ్న: 2003లో అమల్లోకి వచ్చిన కింబర్లీ ప్రక్రియ ప్రకారం ముడి వజ్రాలు దేశం దాటాలంటే ప్రభుత్వ ధ్రువపత్రం తప్పనిసరి. రంగురాళ్లకు అటువంటి అంతర్జాతీయ ఏర్పాటు ఎందుకు లేదు? కొనేవారు దేన్ని నమ్మాలి?

మొదటి సమాధానం: రంగురాళ్లు చాలావరకు చేతి పనిముట్లతో తవ్వే చిన్న గనుల నుంచి వస్తాయి. గోతి దగ్గర కొన్న దళారి వాటిని వేరే గోతుల రాళ్లతో కలిపేస్తాడు. ఆ తర్వాత వేడిచేసి, సానపట్టి, నగలో పొదిగేసరికి ఏ రాయి ఎవరు తవ్వినదో చెప్పే కాగితం సాధారణంగా మిగలదు. రాయిలోని సూక్ష్మ మూలకాలను బట్టి ప్రయోగశాల అది పుట్టిన ప్రాంతాన్ని అంచనా వేయగలదు గానీ, తవ్వినవారికి న్యాయమైన కూలి ముట్టిందో లేదో చెప్పలేదు. నా దృష్టిలో అసలు ప్రశ్న అదే.

రెండవ సమాధానం: కింబర్లీ పత్రాన్ని కూడా అతిగా నమ్మకూడదు. అది అడ్డుకునే వజ్రాల నిర్వచనం తిరుగుబాటు దళాలకు నిధులు సమకూర్చేవాటికే పరిమితం కావడంతో, 2008లో జింబాబ్వేలోని మరాంగే వజ్రాల క్షేత్రాల్లో ప్రభుత్వ బలగాలు సాగించిన హింస దాని కిందికి రాలేదు. ఈ ప్రక్రియ కోసం ముందునుంచీ పోరాడిన గ్లోబల్ విట్‌నెస్ అనే స్వచ్ఛంద సంస్థ 2011లో దాని నుంచి వైదొలగింది.

మూడవ సమాధానం: స్వచ్ఛంద ప్రమాణాలు లేకపోలేదు. నగల పరిశ్రమకు ప్రమాణాలు నిర్దేశించే, 2005లో ఏర్పడిన రెస్పాన్సిబుల్ జ్యువెలరీ కౌన్సిల్ తన సభ్య సంస్థలను బయటి ఆడిటర్లతో తనిఖీ చేయిస్తుంది. అయితే సంస్థకు దక్కిన ధ్రువీకరణను మీ చేతిలోని రాయికి దక్కినట్టు భావించకండి. ఆ రాయిని తాను ఎవరి దగ్గర కొన్నదీ రాతపూర్వకంగా చెప్పమని అమ్మకందారును అడగండి.