నైట్రోజన్‌లో అక్రిలిక్ పలక: బరువు తగ్గే వేగం లెక్కకు ఎందుకు అందడం లేదు?

ప్రశ్న
కోన్ కెలోరీమీటర్‌లో (శంకువు ఆకారపు హీటరు కింద వస్తువును వేడిచేసి పరీక్షించే పరికరం) 10×10 సెం.మీ. అక్రిలిక్ పలక పెట్టి, మంట అంటుకోకుండా నైట్రోజన్ పంపుతూ, చదరపు మీటరుకు 50 కిలోవాట్ల వికిరణం ఇస్తున్నాం. గ్రాము ఆవిరవడానికి 1.6 కిలోజౌళ్లు అనుకుంటే సెకనుకు 0.31 గ్రాములు పోవాలి. పలక బరువు కొలిచే లోడ్ సెల్ మాత్రం 0.25 చూపిస్తోంది. పలక తిరిగి వెదజల్లే వికిరణమే కారణమా? అయితే సూర్యుడికి వాడే ద్రవ్యరాశి-శక్తి సూత్రం (E=mc²) ఇక్కడా వెయ్యాలా?

జవాబు 1
కారణం వికిరణమేనండి, ఆ సూత్రం మాత్రం వద్దు. ఆవిరయ్యే అక్రిలిక్ ఉపరితలం దాదాపు 650 కెల్విన్‌లో ఉంటుంది. దాన్ని నల్లటి వస్తువు (ఆ వేడికి వీలైనంత వికిరణం వెదజల్లేది) కిందే లెక్కేస్తే చదరపు మీటరుకు 10 కిలోవాట్లు వెనక్కి పోతాయి. మిగిలిన 40ని 1.6తో భాగిస్తే చదరపు మీటరుకు సెకనుకు 25 గ్రాములు. మీ పలకకు సరిగ్గా 0.25. అలా పోయే 100 వాట్లకు ద్రవ్యరాశి కడితే సెకనుకు గ్రాములో లక్ష కోట్లో వంతు! ఏ లోడ్ సెల్‌కీ అందదు.

గాలిలో వెలిగిస్తే మంట వేడి కూడా కలుస్తుంది, వేగం పెరుగుతుంది. చెక్కయితే పైన బొగ్గు పొర కట్టి, కాసేపటికే వేగం పడిపోతుంది.

జవాబు 2
సూర్యుడి సంగతి. వెలుగుగా పోయేది సెకనుకు సుమారు 42 లక్షల టన్నులు, సౌరపవనంగా (సూర్యుడి నుంచి ఎగిసిపోయే కణాల ప్రవాహం) పోయేది 10–15 లక్షల టన్నులు. ఆ పవనాన్ని తోసేది వెలుగు కాదు, సూర్యుడి బయటి వాతావరణమైన కరోనా వేడి. భారీ ఓ-రకం తారల్లో లెక్క తలకిందులు: అతినీలలోహిత కాంతిని కార్బన్, నైట్రోజన్, ఇనుము అయాన్లు పీల్చుకుని బయటికి నెట్టుకుపోతాయి. ఏడాదికి సూర్యుడిలో పది లక్షలో వంతు దాకా పోవచ్చు. ముసలి ఎర్ర తారల్లో ఆ పని ధూళిది. వెలుగు ధూళిని తోస్తే, ధూళి వాయువును ఈడ్చుకెళ్తుంది.

ప్రశ్న అడిగినవారు
650 కెల్విన్ నిజమో కాదో థర్మోకపుల్‌తో (ఉష్ణోగ్రత కొలిచే తీగ) చూడొచ్చా?

జవాబు 1
నమ్మకండి. ఉపరితలం దిగిపోతుంటే తీగ బయటపడి హీటర్ వేడినే చదువుతుంది. దానికి బదులు 35, 50, 65 కిలోవాట్ల దగ్గర మూడు పలకలు నడిపి, వేగాన్ని వికిరణానికి ఎదురుగా గీయండి. వాలును తిరగేస్తే ఆవిరయ్యే వేడి వస్తుంది, గీతలో వేగం సున్నాను తాకే చోటి వికిరణమే నష్టం. అంచులకు అల్యూమినియం రేకు చుట్టండి, పలకకూ కోన్‌కూ మధ్య 25 మి.మీ. ఉంచండి. సగటుకు 10 నుంచి 90 శాతం బరువు పోయే భాగమే తీసుకోండి. చివర్లో పలక పలచబడి వేగం ఎగబాకుతుంది, అది కలిస్తే వాలు చెడుతుంది.