పారడాక్స్ (ఎటు తేల్చినా చిక్కులో పడేసే వాదన) ఎదురైతే తప్పు ఎక్కడుందో ఎలా తేల్చుకోవాలి?

"ఈ వాక్యం అబద్ధం." నిజమనుకుంటే అబద్ధమైపోతుంది, అబద్ధమనుకుంటే నిజమైపోతుంది, దీంతో బుర్ర వేడెక్కిపోతోంది, తెలిసినవాళ్ళు కాస్త సాయం చేయండి.

తమలో తాము సభ్యులు కాని సమితులన్నిటినీ (సమితి అంటే సెట్) ఒక సమితిగా చేస్తే అది తనలో తాను ఉంటుందా (ఉందంటే ఉండకూడదు, లేదంటే ఉండాలి) అన్న చిక్కుని తత్వవేత్త రసెల్ 1902లో, గణితాన్ని తర్కం మీద నిలబెట్టాలని చూసిన ఫ్రేగేకి ఉత్తరం రాసి చెప్పేసరికి, ఫ్రేగే పుస్తకం రెండో సంపుటి అచ్చులో ఉంది. ఆ పుస్తకం పునాదే కదిలిపోయింది. కానీ ఆ దెబ్బతోనే సమితి సిద్ధాంతానికి కొత్త నియమాలు పెట్టుకున్నారు, అందుకే పారడాక్స్‌లు ఉత్త మాటల గారడీ అంటే నేను ఒప్పుకోను.

ముందు బయల్దేరిన తాబేలుని అకిలీస్ అనే వీరుడు ఎంత పరిగెత్తినా అందుకోలేడని గ్రీకు తత్వవేత్త జీనో చెప్పిన పందెం సంగతి వేరు, అనంతంగా ముక్కలు కలిపినా మొత్తం పరిమితంగానే ఉండొచ్చని గణితం తేల్చేసింది, అయినా మనసు ఒప్పుకోదు.

మరి మొదటి వాక్యం విషయంలో తప్పు భాషదా, తర్కానిదా, లేక నిజం గురించి మనకున్న ఊహదా? కొందరు అది నిజమూ అబద్ధమూ రెండూ అంటారు, అలా ఒప్పుకుంటే ఇక దేన్నైనా కాదనడం ఎలా?