నర్సింగ్ డిగ్రీకి అప్లై చేస్తున్నాను, మొదటి ఏడాది ఎలా ఉంటుంది?

ప్రశ్న: నర్స్ ఎందుకు అవ్వాలనుకుంటున్నారో రాయమన్నారు. "సేవ చేయాలని ఉంది" అన్న వాక్యం దగ్గరే మూడు రోజులుగా ఆగిపోయాను. సీటు వచ్చినా చదవగలనా అని టెన్షన్‌గా ఉంది.

జవాబు: సేవ అని అందరూ రాస్తారండి, మీరు కళ్లారా చూసింది రాయండి. మంచాన పడ్డ మా అమ్మమ్మని ఒకే వైపు పడుకోబెడితే ఒత్తిడికి పుండ్లు పడతాయని ఒక నర్స్ చెప్పడం, అప్పటినుంచి గంటలు చూసుకుంటూ పక్కకి తిప్పడం, ఇదే రాశాను. ఇంటర్వ్యూలో దాని గురించే అడిగారు.

మరో జవాబు: అనాటమీ, ఫిజియాలజీ బరువే కానీ రోజూ చదివితే వస్తాయి. నన్ను భయపెట్టింది డోసు లెక్కలు. 1000 మి.లీ. సెలైన్ 8 గంటల్లో ఎక్కాలి, సెలైన్ ఎక్కించే గొట్టం (సెట్) మిల్లీలీటరుకి 20 చుక్కలదైతే నిమిషానికి సుమారు 42 చుక్కలు. ఇలాంటివి ఇప్పటినుంచే చేతితో చేయండి, ఇక్కడ తప్పు జరిగితే రోగికి ప్రమాదం.

ఇంకొకరు: హెపటైటిస్ బి టీకా వేయించుకున్నారా? సాధారణంగా మూడు డోసులు, మొదటిదానికీ చివరిదానికీ 6 నెలలు పడుతుంది. క్లినికల్స్‌కి, అంటే ఆసుపత్రిలో చేసే ప్రాక్టికల్ శిక్షణకి ముందు ఆ కాగితాలు అడుగుతారు, నేను ఆలస్యం చేసి చాలా ఇబ్బంది పడ్డాను.

ప్రశ్న అడిగినవారు: టీకా సంగతి అస్సలు తట్టలేదు, రేపే వెళ్తాను. థ్యాంక్స్ అండి.