బీఏ వాడికి మోల్ లెక్కలా?

ఇంటర్ సీఈసీ, ఇప్పుడు బీఏ, ఉండేది దిల్‌సుఖ్‌నగర్. తేలికన్నారని కెమిస్ట్రీ ఎలక్టివ్ తీసుకున్నా. 6.022 × 10²³ దగ్గరే ఆగిపోయా. సైన్సు వాళ్ళకు చెప్పేదీ ఇదేనా?

↳ వాళ్ళకైతే ఇక్కణ్ణుంచే అసలు లెక్కలు మొదలు తమ్ముడూ. ఎంపీసీలో మేమూ బట్టీయే కొట్టాం (ర్యాంకులొచ్చాయి, అది వేరే సంగతి). డజనంటే 12 కదా, మోల్ కూడా అలాంటిదే, నువ్వాగిన ఆ 6.022 × 10²³ కణాలు కలిస్తే ఒక మోల్. 18 గ్రాముల నీళ్ళు ఒక మోల్. నాలుగు టీస్పూన్లు కూడా ఉండవు.

↳ ముందు ఇంట్లో ఉన్న కెమిస్ట్రీ చూడు. మా బోరు నీళ్ళకు సబ్బు నురగే రాదు, మంజీరా నీళ్ళకు వస్తుంది. బోరు నీళ్ళలోని కాల్షియం, మెగ్నీషియం లవణాల పని. హీటర్ రాడ్డుకు పట్టే తెల్లపొరలో ఎక్కువగా కాల్షియం కార్బొనేటే.

↳ అక్కా, రాడ్డు ప్లగ్గు తీసి, చల్లారాక నిమ్మరసం పిండా. బుసబుసా పొంగింది! ఆ బుడగలేంటి?

↳ కార్బన్ డయాక్సైడ్. సోడాలో ఉండేదే.