చార్లెస్ లారెన్స్ కోచింగ్ రోజుల వివరాలు ఎక్కడ దొరుకుతాయి?

అందరికీ నమస్కారం. పాత క్రికెట్ చరిత్ర చదివినవాళ్లు కాస్త సాయం చేయండి.

లండన్‌లో పుట్టిన చార్లెస్ లారెన్స్ గురించి మా పిల్లల కోసం ఒక వ్యాసం రాస్తున్నాను. ఈయన స్కాట్లాండ్, ఐర్లాండ్‌లలో ఆడి, 1861-62లో ఆస్ట్రేలియా వెళ్లిన మొదటి ఇంగ్లండ్ జట్టులో ఉన్నారు. మిగతావాళ్లు తిరిగొచ్చేస్తే ఈయన సిడ్నీలోనే ఆగిపోయి, ఆల్బర్ట్ క్లబ్‌లో కోచ్‌గా చేరారు. 1868లో ఆస్ట్రేలియా ఆదివాసీ ఆటగాళ్ల జట్టుకు కెప్టెన్‌గా, కోచ్‌గా ఇంగ్లండ్ వెళ్లారు. 47 మ్యాచ్‌లు ఆడితే 14 గెలుపులు, 14 ఓటములు, మిగతా 19 డ్రా. ఆ జట్టులోని జానీ ముల్లా ఆట చూసి అక్కడివాళ్లు మెచ్చుకున్నారు. కింగ్ కోల్ అనే ఆటగాడు మాత్రం ఆ పర్యటనలోనే జబ్బు చేసి లండన్‌లో చనిపోయాడు. అది చదివినప్పుడు మనసు చివుక్కుమంది.

ట్రోవ్‌లో (ఆస్ట్రేలియా జాతీయ లైబ్రరీ వెబ్‌సైట్) పాత పేపర్లు వెతికితే నాకు ఎక్కువగా స్కోర్లే కనిపిస్తున్నాయి. నాకు కావాల్సింది ఆయన నేర్పిన పద్ధతి: ప్రాక్టీస్ ఎలా చేయించేవారు, ఆ ఆటగాళ్లతో ఎలా మెలిగేవారు? ఏ పదాలతో వెతకాలి? ఆస్ట్రేలియాలో ఉన్న తెలుగువాళ్లెవరైనా అక్కడి లైబ్రరీల్లో ఇలాంటివి చూశారా? ముఖ్యంగా ఆదివాసీ ఆటగాళ్ల వైపు నుంచి చెప్పిన కథనాలు ఉంటే తప్పకుండా చెప్పండి.