ఈఎంఐకి అద్దె సరిపోని ఇల్లు మొదటి పెట్టుబడిగా కొనొచ్చా?

కొత్త_అడుగు:
అందరికీ నమస్కారం. అద్దెకివ్వడానికే ఒక పాత ఫ్లాట్ చూశాను. ధరలో 20 శాతం నా దగ్గరుంది, మిగతా 80 శాతం బ్యాంకు లోను. 20 ఏళ్లు, 9 శాతం వడ్డీ. నెలకు ఈఎంఐ 100 అనుకుంటే అద్దె 60 వస్తోందని అమ్మే ఆయన చెబుతున్నారు. అంటే నెలనెలా 40 నా జీతంలోంచి వేసుకోవాలి. ఇంట్లో సగం మంది ‘ధర ఎలాగూ పెరుగుతుంది, కొనెయ్’ అంటున్నారు. మిగతా సగం ‘తెలిసి తెలిసి గుదిబండ ఎందుకు’ అంటున్నారు. మీరైతే ఏం చేస్తారు?

రెండో_తాళం:
నేనైతే కొనను. అసలు ఆ 60 మీకు పూర్తిగా దక్కదు. ఏడాదికి ఒక నెల ఖాళీగా ఉంటుందనుకుంటే సగటున 5 పోయినట్టే. ఆస్తి పన్ను, బీమా, మెయింటెనెన్స్, రిపేర్లు కలిపి ఓ 12 వేసుకోండి. చేతికి మిగిలేది 43. మీరు వేసుకోవాల్సింది 40 కాదు, 57. ఏడాదికి లెక్కేస్తే ఇంటి ధరలో దాదాపు 5 శాతం. అంటే మీ డౌన్ పేమెంట్‌లో నాలుగో వంతు ఏటా మళ్లీ పెడుతున్నట్టు.

పాత ఫ్లాట్ అన్నారు కాబట్టి ఆ 12 కూడా చాలదేమోనని నా అనుమానం. ఈసారి వెళ్లినప్పుడు వంటింటి సింక్ కింద తలుపు తీసి, పైపు వంపు దగ్గర చెయ్యి పెట్టి తడుందేమో చూడండి. గదంతా పాత రంగు ఉండి ఒక్క గోడకే కొత్త రంగు వేసుంటే, ఆ గోడ అవతల బాత్రూమ్ ఉందేమో చూడండి. బీరువా కాస్త ముందుకు జరిపి వెనకాల చూస్తామంటే అమ్మేవాళ్ల మొహం మారుతుంది. మారినా సరే, జరిపించండి.

ఎదురీత:
రెండో_తాళం గారూ, ఖర్చుల వరకు ఒప్పుకుంటా. కానీ ఆ 57 మొత్తం నష్టంలా చూపిస్తున్నారు, అది కరెక్ట్ కాదు. ఈ లోనులో మొదటి నెల ఈఎంఐలోనే సుమారు ఆరో వంతు అసలు కింద జమవుతుంది. అంటే 57లో 17 దాకా ఎక్కడికీ పోలేదు, ఇంట్లోనే ఉంది. అసలైన నష్టం 40. ఆ అసలు భాగం ప్రతి నెలా పెరుగుతూనే ఉంటుంది కూడా.

ఇంకోటి, అప్పు మనవైపు కూడా పనిచేస్తుంది. ధర 10 శాతం పెరిగితే, 20 శాతమే సొంత డబ్బు కాబట్టి మీ వాటా 20 నుంచి 30 అవుతుంది. యాభై శాతం లాభం. ఇంకే పెట్టుబడికైనా సామాన్యుడికి బ్యాంకు ఇంత అప్పు ఇస్తుందా?

చరిత్ర కావాలంటే, 16 అభివృద్ధి చెందిన దేశాల్లో 1870 నుంచి 2015 దాకా లెక్కలు తీసిన ఒక పెద్ద పరిశోధన ఉంది. దీర్ఘకాలంలో ఇళ్ల మీద రాబడి షేర్లకు దాదాపు సమానంగా ఉందని, ఒడిదుడుకులు మాత్రం తక్కువని తేలింది. భయపడి కూర్చున్నవాడికి ఏం దక్కుతుంది చెప్పండి.

లెక్కల_పెట్టె:
ఆ పరిశోధన నాకూ తెలుసు. మీరు వదిలేసిన ముక్క ఒకటుంది ఎదురీత గారూ. అందులో ఇళ్ల రాబడిలో పెద్ద భాగం అద్దెదే, అదీ ఖర్చులు పోగా మిగిలిన అద్దె. ధర పెరుగుదల ఒక్కదాన్నే నమ్ముకుంటే సంగతి వేరుగా ఉంటుంది. ఆమ్‌స్టర్‌డామ్‌లో హెరెన్‌గ్రాఖ్ట్ కాలువ వెంబడి ఉన్న ఇళ్ల ధరలను పీట్ ఐఖోల్ట్స్ అనే ఆర్థికవేత్త 1628 నుంచి 1973 వరకు లెక్కగట్టారు. ద్రవ్యోల్బణం తీసేస్తే దాదాపు మూడున్నర శతాబ్దాల్లో ధర పెరిగింది రెండింతలే. అదీ ఊళ్లో ఖరీదైన వీధుల్లో ఒకటి!

పైగా అవి సగటు లెక్కలు. మీరు కొనేది సగటు ఇల్లు కాదు, ఒక బిల్డింగులో ఒక ఫ్లోరులో ఒక్క ఫ్లాట్. పక్కన డ్రైనేజీ పొంగితే దేశం సగటు వచ్చి ఆదుకోదు.

అసలు నష్టం 40 అన్న మీ లెక్కనే తీసుకుందాం. అది ఇంటి ధరలో ఏడాదికి 3.5 శాతం. డౌన్ పేమెంట్ వేరేచోట పెడితే 7 శాతం వచ్చేదనుకుంటే ఇంకో 1.4. అంటే ధర ఏటా 5 శాతం పెరిగితే మొదట్లో మీరు ఉన్నచోటే ఉంటారు. రిజిస్ట్రేషన్, బ్రోకరేజీ ఇంకా కలపలేదు.

వీధి_చివర:
మరి 10 శాతం ధర తగ్గితే 20లో 10 పోతుంది, అది చెప్పరేం ఎదురీత గారూ 🙂 అమెరికాలో 2006 నుంచి 2012 మధ్య దేశవ్యాప్త ఇళ్ల ధరల సూచీయే 27 శాతం దాకా పడింది. 20 శాతం పెట్టి శిఖరం దగ్గర కొన్నవాళ్ల సంగతి ఆలోచించండి.

ఎదురీత:
పడింది, మళ్లీ లేచింది కూడా. అమ్ముకోకుండా ఆగినవాళ్లకు ఏమైంది?

రెండో_తాళం:
ఆగగలిగినవాళ్లకు ఏమీ కాలేదు. ఆ ‘ఆగగలగడం’ దగ్గరే నా అభ్యంతరమంతా. అద్దెతో తన ఖర్చు తాను మోసుకునే ఇల్లయితే, ధర పడినా మీరు ఊరికే కూర్చోవచ్చు. నెలకు 57 అడిగే ఇల్లు అలా కూర్చోనివ్వదు. ఉద్యోగం పోయినప్పుడో, ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగాలేనప్పుడో అమ్మాల్సి వస్తుంది. సరిగ్గా అప్పుడే మార్కెట్ కూడా పడి ఉంటే ఇక చెప్పేదేముంది. అసలు కింద జమైన 17 నిజమే, కానీ దాంతో వచ్చే నెల ఈఎంఐ కట్టలేరు కదా.

ఇంకో చిన్న విషయం. పదేళ్లు కట్టేస్తే సగం తీరిపోతుందని చాలామంది అనుకుంటారు. 9 శాతం వడ్డీ, 20 ఏళ్ల లోనులో పదేళ్ల తర్వాత కూడా 71 శాతం బాకీ ఉంటుంది.

ఎదురీత:
సరే, కానీ అద్దె పెరుగుతుంది, ఈఎంఐ పెరగదు. దాన్ని లెక్కలోకి తీసుకోరా?

లెక్కల_పెట్టె:
తీసుకుందాం. అద్దె ఏటా 5 శాతం పెరిగితే 60 కాస్తా 100 అవడానికి పదిన్నరేళ్లు. ఖర్చులు కూడా అదే వేగంతో పెరుగుతాయి కాబట్టి, చేతికొచ్చే 43 కాస్తా 100 అవడానికి పదిహేడేళ్లు దాటుతుంది. లోనే ఇరవై ఏళ్లది! ఇక ఫ్లోటింగ్ రేటు (మధ్యలో వడ్డీ మారే లోను) అయితే ఈఎంఐ పెరగదన్న మాట కూడా గ్యారంటీ లేదు.

కొత్త_అడుగు గారూ, మీకు పనికొచ్చే అంకె ఒకటి చెబుతా. ఈ అద్దెకు, ఈ వడ్డీకి ఆ ఫ్లాట్ తనంతట తాను తీర్చుకోగలిగే అప్పు దాని ధరలో మూడో వంతు. 80 శాతం అప్పుతో అది నడవదు. ధర బాగా తగ్గించాలి, లేదా మీరు ఇంకొన్నాళ్లు కూడబెట్టాలి, లేదంటే అద్దె బాగా వచ్చే చిన్న ఇల్లు చూసుకోవాలి.

వీధి_చివర:
అద్దె ఎక్కువ అనగానే ఆశపడి రేటు పెంచుకుంటూ పోవద్దు. 5 శాతం పెంచబోయి పాత మనిషిని పోగొట్టుకుని, ఒక్క నెల ఖాళీగా ఉంచారనుకోండి, ఆ నెల పూడటానికి 20 నెలలు పడుతుంది. టైముకు ఇచ్చి, ఇల్లు శుభ్రంగా ఉంచుకునే కుటుంబం దొరికితే నేను నాలుగు రాళ్లు తక్కువకైనా ఉంచుకుంటా. ఎదురీత గారితో ఒక్క విషయంలో మాత్రం ఏకీభవిస్తా. జీతం గట్టిదై, ఆర్నెల్ల ఈఎంఐలు పక్కన పెట్టి, 57ని పొదుపు కింద రాసేసుకోగలిగినవాళ్లు కొన్నా కొంప మునగదు. కానీ వాళ్లు ఇక్కడికొచ్చి అడగరు.

ఎదురీత:
అడగరు, కొనేస్తారు. అందుకే వాళ్ల దగ్గర ఇళ్లున్నాయి, మన దగ్గర ఎక్సెల్ షీట్లున్నాయి.

కొత్త_అడుగు:
😀 అందరికీ థాంక్స్. జీతం పర్లేదు కానీ ఆర్నెల్ల ఈఎంఐలు పక్కన పెట్టేంత లేదు. ధర తగ్గిస్తారేమో అడుగుతా, లేకపోతే వదిలేస్తా. ఇప్పుడున్న అద్దె 60 అన్నది నిజమో కాదో తెలుసుకోవాలంటే రసీదులు అడగనా?

రెండో_తాళం:
రసీదులు ఎన్నైనా రాసుకోవచ్చు. అద్దె ఒప్పందం, ఏడాదిపాటు అద్దె జమైన బ్యాంకు స్టేట్‌మెంట్ అడగండి. అద్దెకున్నవాళ్లతో మీరే విడిగా మాట్లాడండి. వాళ్లిచ్చిన డిపాజిట్ ఇప్పుడు అమ్మే ఆయన దగ్గరుంది కదా, అది మీకు అప్పజెబుతున్నట్టు అమ్మకం పత్రంలోనే రాయించండి. రాయించకపోతే వాళ్లు ఖాళీ చేసిన రోజు ఆ డబ్బు మిమ్మల్నే అడుగుతారు.